పటాన్‌చెరులో హెరాల్డ్ ఇరుసు

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి పట్టుకుని పడమరకు వెళ్తే, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ దగ్గర మొదలయ్యే ఇనుప పని జహీరాబాద్ మహీంద్రా ట్రాక్టర్ల దాకా తెగకుండా సాగుతుంది. మధ్యలో పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఓ పక్కకు తిరిగితే సైన్యానికి కవచ వాహనాలు తయారుచేసే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. జహీరాబాద్‌లో మహీంద్రా కంటే ముందు, 1980లలో, హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసింది. బండి ఇరుసు ఈ దారికి కొత్త వస్తువేమీ కాదు.

పెద్ద ఫ్యాక్టరీల గేట్లు రోడ్డు మీదికే కనిపిస్తాయి. వాటికి జాబ్ వర్క్ చేసిపెట్టే రేకుల షెడ్లు మాత్రం లోపలి సందుల్లో ఉంటాయి. నేను వెళ్లింది పటాన్‌చెరులో అలాంటి ఒక షెడ్డుకు. రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషను, ఒక సిలిండ్రికల్ గ్రైండరు. నేలంతా కటింగ్ ఆయిల్ వాసన. ఒక లేతు మీద ఒడిశా కుర్రాడు పంపు షాఫ్టులు తిప్పుతున్నాడు. పెద్ద ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరైన ఆయన ఈ షెడ్డుకు యజమాని. కుర్రాళ్లంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. నన్ను తీసుకెళ్లిన మిత్రుడి పని కూడా ఆయన దగ్గరే ఉంది. మిత్రుడి స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు వెనక హాఫ్ షాఫ్టు విరిగింది.

హెరాల్డ్ గురించి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు ఇది. ఒంపులు తీర్చినవాడు ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోత్తి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి దాన్ని మన దేశంలో తయారుచేసింది. అంబాసిడర్, ఫియట్‌ల మధ్య మూడో కారు అదే. ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి, దాని మీద రెండు సీట్ల ఒళ్లు తొడిగి ట్రయంఫ్ 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన వీటెస్, జి.టి.6 కూడా ఈ కుటుంబంలోవే. కాబట్టి మద్రాసు హెరాల్డ్ కింద పడుకుని చూస్తే కనిపించేది ఒక స్పోర్ట్స్ కారు వెనక భాగం. ఒకదాని షాఫ్టు ఇంకోదానికి వేయొచ్చుగా అన్న ఆశ పుట్టేది కూడా ఈ చుట్టరికం వల్లే.

లారీ, జీపు, అంబాసిడర్ల వెనక ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా గట్టి గొట్టంలాంటి హౌసింగ్ ఉంటుంది, షాఫ్టులు దాని లోపల తిరుగుతాయి. హెరాల్డ్‌కు ఆ గొట్టం లేదు. డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కే బిగించారు. దానికి రెండు వైపులా క్రాస్ జాయింటు, ఆ జాయింటు నుంచి చక్రం దాకా హాఫ్ షాఫ్టు బయటికే కనిపిస్తుంది. పైన అడ్డంగా ఒకే ఒక కమాను కట్ట. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు షాఫ్టు కూడా దాంతోపాటే ఊగుతుంది. మలుపులో వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే బయటి చక్రం లోపలికి ముడుచుకునే ప్రమాదం ఉంది. ఇది కంపెనీకీ తెలుసు. అందుకే 1968లో జి.టి.6కు కింద విష్‌బోను, రబ్బరు కప్లింగ్ పెట్టారు. 1970లో స్పిట్‌ఫైర్ మార్క్ 4కు కమాను బిగింపు మార్చారు. మన దేశంలో ఇంకో దారి తొక్కారు. 1972లో హెరాల్డ్ బదులు వచ్చిన గెజెల్‌కు, మన మెకానిక్కులకు అలవాటైన గట్టి హౌసింగ్ ఇరుసే వేసేశారు.

ఉస్తాద్ విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి, గుడ్డతో తుడిచి, విరిగిన ముఖాన్ని ట్యూబులైటు వైపు తిప్పారు. "జూడుండ్రి సార్, ఇది ఇయ్యాల ఇరిగింది గాదు" అన్నారు. ముఖంలో ముప్పాతిక భాగం నున్నగా ఉంది. చెరువులో నీళ్లు తగ్గుతూపోతే గట్టు మీద మిగిలే చారల్లా, ఒక అంచు నుంచి బయల్దేరి లోపలికి సాగిన వంపు గీతలు. మిగిలిన పావు భాగం గరుకుగా, గింజలు గింజలుగా, మెరుస్తూ ఉంది. నున్నటి భాగం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చింది. గరుకు భాగం మాత్రమే ఆ రోజు రోడ్డు మీద ఒక్క దెబ్బకు తెగింది. చీలిక మొదలైన చోటు షాఫ్టు లావు మారే మెట్టు దగ్గరే.

హెరాల్డ్‌లో ఈ షాఫ్టు తిప్పుడు బలంతోపాటు ఆ మూల కారు బరువును కూడా మోస్తుంది. తిరిగిన ప్రతిసారీ పైభాగం కిందికీ కింది భాగం పైకీ వస్తుంది కనుక వంపు దిశ మారుతూనే ఉంటుంది. 13 అంగుళాల రిమ్ము మీద ఆ కారు టైరు కిలోమీటరుకు సుమారు 550 సార్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లకు అయిదున్నర కోట్లు. ఉక్కు అంత భారం ఓర్చుకోగలదు, కానీ మెట్టు మూల పదునుగా ఉంటే ఒత్తిడంతా అక్కడే పోగుపడుతుంది. ఈ సంగతి రైలు ఇరుసులు నేర్పిన పాఠం. 1842 మే 8న పారిస్ దగ్గర వెర్సాయ్ రైలు ఇంజిన్ ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మరుసటి ఏడే స్కాట్లాండ్ ఇంజినీరు ర్యాంకిన్ విరిగిన రైలు ఇరుసులను పరిశీలించి, చీలిక మెట్టు మూలలోనే పుడుతుందని రాశాడు. 180 ఏళ్లు దాటాక పటాన్‌చెరు షెడ్డులో ఉస్తాద్ వేలు పెట్టి చూపించింది కూడా ఆ మూలనే.

పైగా ఇది విరిగితే కారు ఆగిపోయి ఊరుకోదు. హబ్బు షాఫ్టు కొసనే ఉంటుంది. కొస విరిగితే చక్రం, బ్రేకు డ్రమ్ము కలిసి బయటికి వచ్చేస్తాయి. లారీల్లోలా హబ్బును హౌసింగే మోస్తుంటే, షాఫ్టు విరిగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. హెరాల్డ్‌లో ఆ రక్షణ లేదు. మా మిత్రుడి కారు అప్పుడు నెమ్మదిగా వెళ్తోంది కాబట్టి సరిపోయింది.

బల్ల మీద రెండో షాఫ్టు ఉంది. మిత్రుడు ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాడు. కొత్తది, నూనె కాగితంలో చుట్టి వచ్చింది. కానీ అది ఆఖరి తరం స్పిట్‌ఫైర్ 1500ది. 1973లో స్పిట్‌ఫైర్ వెనక చక్రాల మధ్య దూరం పెంచినప్పుడు షాఫ్టు ఒక్కో వైపు సుమారు అంగుళం పొడవైంది. పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. దాన్ని హెరాల్డ్‌కు బిగించలేరని కాదు. బిగిస్తే చక్రం అంగుళం బయటికి పోతుంది, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య జాగా, నిలువు లింకు వాలు, రేడియస్ ఆర్మ్ లెక్క అన్నీ మళ్లీ చూసుకోవాలి. ఒక్క వైపే వేస్తే ఇంకా అన్యాయం. రబ్బరు కప్లింగ్ ఉన్న జి.టి.6 షాఫ్టయితే అసలు ఆశే లేదు, దాని కట్టుబడే వేరు. ఈ తంటా ఒక్క ట్రయంఫ్‌దే కాదు. ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు వెనక ఇరుసుకు 1960ల రెండో సగంలో బాంజో హౌసింగ్ పోయి సాలిస్‌బరీ హౌసింగ్ వచ్చింది. కారు పేరు మారలేదు, షాఫ్టులు మాత్రం ఒకదానివి ఒకదానికి పట్టవు.

"కోసి, అంగుళం తీసేసి, వెల్డింగ్ పెడితే?" అని మిత్రుడు అంతకుముందే అడిగాడట. ఉస్తాద్ మా ముందు ఇంకోసారి తల అడ్డంగా ఊపారు. "వెల్డింగ్ వెట్టి ఇచ్చెటోళ్లు శానమంది ఉన్నరు సార్. నేనైతే ఇయ్య." ఆయన చెప్పిన కారణం సరైనది. ఈ ఉక్కును వెల్డింగ్ వేడి తాకితే టాకా పక్కనే గట్టిపడి పెళుసైన పట్టీ ఒకటి ఏర్పడుతుంది. తిరుగుతూ వంగే షాఫ్టు అక్కడే మళ్లీ చీలుతుంది.

నన్ను కదిలించింది ఆయన ఎంచుకున్న దారి. పాత షాఫ్టు మీద నీడిల్ బేరింగ్ తిరిగే చోట గాడి పడిపోయింది. ఈ కార్లలో ఆ బేరింగు సూదులు నేరుగా షాఫ్టు ఒంటి మీదే దొర్లుతాయి, లోపల రింగు ఉండదు. కాబట్టి అక్కడ అసలు వ్యాసం ఎంతో పాత షాఫ్టు చెప్పలేదు. కొత్త షాఫ్టు చెప్తుంది, ఎందుకంటే రెంటికీ బేరింగు నంబరు ఒకటేనని ఆయన ముందే సరిచూశారు. పొడవులు మాత్రం పాతదే చెప్పాలి. అలా రెండు షాఫ్టుల నుంచి ఒక డ్రాయింగు పుట్టింది. అరిగిన చోట్ల కొలతలు కొత్తదాన్నుంచి, పొడవులు పాతదాన్నుంచి. హబ్బు కూర్చునే టేపరును హబ్బుకు నీలం రంగు పూసి ఒరిపిడి చూసి ఖాయం చేశారు. చేత్తో గీసిన ఆ కాగితం మీద ప్రతి మెట్టు మూలకూ గుండ్రటి వంపు ఎంతుండాలో రాసి, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

సరుకు ఈఎన్-24 రౌండు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. ఈ వాడల్లో అది దొరకడం కష్టం కాదు. అసలు షాఫ్టు ఫోర్జింగ్, క్రాస్ పట్టుకునే యోక్ కూడా దాంతోనే కలిసి పుట్టింది. ఇక్కడ ఒక్క షాఫ్టు కోసం డై చేయించలేరు కనుక యోక్ వెడల్పంత లావు రౌండు తీసుకుని మిగతాదంతా చెక్కేయాలి. కొన్న ఉక్కులో ఎక్కువ భాగం రజనుగా నేలపాలవుతుంది. నీడిల్ బేరింగ్ చోటును ఇండక్షన్ హార్డెనింగ్‌కు పంపి తెచ్చారు. నేను వెళ్లిన వేళకు అది గ్రైండరు మీద సెంటర్ల మధ్య తిరుగుతోంది. రాయి తగిలినప్పుడల్లా సన్నటి చప్పుడు, నిప్పురవ్వలు, కూలెంట్ తుంపర. ఉస్తాద్ మిషను ఆపి, మైక్రోమీటరు పెట్టి చూసి, మళ్లీ కాస్త మాత్రమే తీసేవారు. రెండో వైపుకు కూడా జత షాఫ్టు చేస్తున్నారు, ఎందుకంటే పాతదానికీ వయసు అంతే.

పాత హబ్బును ఊడదీసిన కథ మిత్రుడు చెప్పాడు. టేపరు మీద కీతో కూర్చుని దశాబ్దాలుగా కదలని హబ్బు అది. మామూలు పుల్లరుకు రాలేదు. ఇంగ్లండులో దానికోసం ప్రత్యేకమైన పుల్లరే ఉండేది. ఇక్కడ మందపాటి ప్లేటుకు బోల్టు రంధ్రాలు వేసి పుల్లరు తయారుచేసుకుని, ప్రెస్ కింద పెట్టి తీశారు. సుత్తితో బాదితే హబ్బు వంగేది.

ఖర్చు మాట మిత్రుడు ఎత్తలేదు, నేనూ అడగలేదు. పాత కారుకు ఇంత అవసరమా అనేవాళ్లుంటారు. నా మటుకు ఈ పని అవసరమే. కంపెనీ మూతపడి, విడిభాగాలు పోయి, డ్రాయింగులు కూడా పోయిన బండిని మళ్లీ రోడ్డెక్కించగల చేతులు ఈ సందుల్లో ఇంకా ఉన్నాయి. కానీ ఆ షెడ్డులో ఇంతకుముందు చేసిన పాత బండ్ల భాగాలకు కాగితం ఒక్కటీ మిగల్లేదు. పని అయిపోగానే కొలతల కాగితం చేతులు తుడుచుకునే గుడ్డల్లో కలిసిపోయేది. మళ్లీ ఎవరైనా వస్తే మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిందే.

హెరాల్డ్, గెజెల్, పాత జీపు, ఏదైనా సరే, ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు నా మనవి ఇది. వేరే మోడల్ షాఫ్టు కొనే ముందు మీ బండిది విప్పి పొడవు, బేరింగు నంబరు, టేపరు, ఫ్లాంజి బోల్టు రంధ్రాలు కొలిచి రాసుకోండి. హెరాల్డ్ అయితే హబ్బు తీసిన ప్రతిసారీ మెట్టు మూలను జిడ్డు మిగల్చని క్లీనరుతో కడిగి, బాగా ఆరాక ఎర్ర డై కొట్టి, కాసేపాగి పైన మిగిలిన డై తుడిచేసి, తెల్ల డెవలపరు కొట్టి చీలిక ఉందేమో చూడండి. ఆ స్ప్రే డబ్బాలు వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. కొత్తది చేయించుకుంటే డ్రాయింగు రెండు ప్రతులు తీయించి, తేదీ వేసి, ఒకటి షెడ్డులో ఫైలు చేయించండి, ఒకటి బండి కాగితాలతో దాచండి.