గిర్గిట్

మా ఇంట్లో ఒక తొండ పన్నెండు రోజులు ఉందన్న సంగతి అమ్మీ ఇప్పటికీ చుట్టాల ముందు ఎత్తనివ్వదు.

2019 ఎండకాలం, హనుమకొండలో మేం కిరాయికున్న ఇల్లు. వాడలో పోరగాళ్లు నడుముకు పురికొస కట్టి ఆడిస్తున్న తొండను మా బిడ్డ గుంజుకొచ్చింది. కొస కోశాక చూస్తే ఒంటి మీద పాత తోలు పేలికలై వేలాడుతోంది. పాము కుబుసం ఒక్కటిగా విడుస్తుంది. తొండకు తునకలు తునకలుగా ఊడుతుంది. ఊడకుండా వేళ్ల చుట్టూ మిగిలిన పొర ఎండి దారంలా బిగుసుకుంటుంది, నెత్తురు ఆడక వేలే రాలిపోతుంది. ఇదంతా తర్వాత తెలిసింది. ముందు నేను చేసిన పని గోటితో పట్టి పీకడం. పొరతోపాటు వేలి కొసా వచ్చింది. ఆ రోజంతా బిడ్డ నాతో మాట్లాడలేదు.

"గిర్గిట్ కు ఘర్ మే కాయ్కు రఖే?" అంది అమ్మీ. ఆమెను ఏమనను? మా దాదీమా చెప్పిన కథే అది. నమ్రూద్ ఇబ్రాహీం అలైహిస్సలాంను అగ్గిలో వేయిస్తే జీవాలన్నీ ఆర్పజూశాయట, ఇదొక్కటే మంటను ఊదిందట. చంపితే సవాబ్. హదీసులోని అరబీ మాట వజగ్, అంటే బల్లి. ఆ పద్దులో తొండను ఎవరు చేర్చారో గానీ, పదేళ్లప్పుడు నేను విసిరిన రాళ్లకు లెక్క లేదు. నా పక్కన నిలబడి విసిరిన సోపతిగాళ్లకు నమ్రూద్ ఎవరో తెలియదు. వాళ్ల కథలో ఉడుతకు వీపు మీద చారలన్నా దక్కాయి. తొండకు అక్కడా ఏమీ దక్కలేదు.

తొండ వేరు, ఊసరవెల్లి వేరు. మా ఇంటి ఉర్దూలో రెండూ గిర్గిటే. నా రెండు భాషలకు చాలా చోట్ల పొత్తు కుదరదు గానీ ఈ తిట్టు దగ్గర కుదిరింది: రంగులు మార్చేవాడు. నేను పనిచేసిన తెలుగు పేపరు డెస్కులో "సాబ్, మీ తెలుగు మాకన్నా బాగుందే" అన్నవాళ్లే, ఎక్కడన్నా గొడవైన రోజు నా హెడ్డింగును రెండుసార్లు చదివేవాళ్లు. ఒక షాదీలో మా చుట్టమొకాయన "తెలుగు లిఖ్తే లిఖ్తే గిర్గిట్ హోగయా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తొండకు ఎండ తగిలితే రంగు మారుతుంది, బెదిరితే మారుతుంది, జత కాలంలో మగదాని గొంతు ఎర్రబడుతుంది. ఎవరినీ మోసం చేయడానికి కాదు.

పీకడం మానేశాం. పాత చేపల తొట్టిలో పొట్ట తడిసేంత గోరువెచ్చని నీళ్లు, రోజూ పది నిమిషాలు. తర్వాత తడి దూదితో మెల్లగా ఒత్తడం. ఒళ్లు రుద్దుకోవడానికి గరుకు తుమ్మకొమ్మ. పొద్దుటి ఎండ. మిడతలు పట్టే పని బిడ్డది. నాలుగో రోజు నేను నీళ్లు కాయడం మరిచాను. అమ్మీ వజూకు పెట్టుకున్న నీళ్లలోంచి ఒక లోటా తెచ్చి తొట్టి పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

పొరలు నాని వాటంతటవే ఊడాయి. రెండు వేళ్లు పోయాయి. అందులో ఒకటి నా ఖాతాలోది.

బయట బతికే జీవి, ఇంట్లో ఉంచుకునేది కాదు. దాదీమా ఉన్న ఖబ్రస్తాన్‌లోనే వేపచెట్టు మొదట్లో వదిలాం. తల రెండుసార్లు ఆడించి, పైకి పాకి, బెరడు రంగులో కలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మీ తస్బీహ్ ఆపింది.

"ఝాడ్ పే చఢ్యా క్యా?"

ఎక్కింది అన్నాను.