అన్నం తినేవాళ్ళకి గోధుమ జబ్బు రాదా?

మా ముదినేపల్లి వైపు షుగరొచ్చిందంటే చాలు, రాత్రిపూట అన్నం మానేసి చపాతీలే. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం మైదాతో మైసూరు బజ్జీ. వరి చేల మధ్య ఉంటూ గోధుమ బాగానే లాగిస్తున్నాం.

గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన వందకి ఒకరికి పైగా, వెల్లూరు వైపు వెయ్యికి ఒకరికి కనిపించింది. దానికి దారిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకేలా, మూడోవంతు మందికి పైగా ఉన్నాయి. తేడా తినే గోధుమలో ఉండొచ్చన్నారు.

ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, వదలని విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లలు ఎదగకపోవడం దీని గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు. అందుకే ఇంట్లో ఒకరికి తేలితే అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లలు టీటీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. వాళ్ళలో పదిమందిలో ఒకరి దాకా ఈ జబ్బు ఉండొచ్చు.

జబ్బు తేలినా అన్నం, దిబ్బరొట్టె, పెసరట్టు, కొల్లేటి చేపల పులుసు ఎక్కడికీ పోవు. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా మాత్రం తిప్పి చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు.

పరీక్షకి ముందే చపాతీ మానేయకండి. మానేస్తే జబ్బున్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. డాక్టరు చెప్పాకే మానండి.