సీటు ఎత్తు ఎవరు పెట్టారు?

నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు "కింద నొప్పి మేడమ్" అంటే ఆ కింద అన్నమాటకు పొలిమేరలుండవు. బొడ్డు దగ్గర మొదలై మోకాళ్ళ దాకా ఎక్కడైనా కావచ్చు. గర్భసంచి, మూత్రసంచి, మొలలు, తొడ మీద సెగగడ్డ, అన్నిటికీ అదే మాట. మగవాళ్ళు ఆ మాట కూడా అనరు. నడుం నొప్పి అని చీటీలో రాయించుకుని లోపలికొస్తారు. సర్జన్‌గా ఇరవై ఏళ్ళు దాటాయి. కత్తి పట్టిన సమయం కంటే ఆ చోటు ఏదో రాబట్టడానికి పట్టిన సమయమే ఎక్కువేమో అనిపిస్తుంది.

కొండాపూర్‌లో క్లినిక్ పెట్టాక ఈ 'కింద'లో ఒక కొత్త రకం మొదలైంది. మొదటిసారి చూసింది ముప్పై నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ అమ్మాయిలో. మొలలని తనే తేల్చుకుని, మందుల షాపులో ట్యూబు కొని పది రోజులు రాసింది. తగ్గక, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చూస్తే మొలలూ లేవు, చీలికా లేదు. రెండు పిర్రల అడుగున, సరిగ్గా ఒకే వరుసలో, పది రూపాయల బిళ్ళంత కమిలిన మచ్చలు రెండు. దెబ్బ తగిలితే ఒక పక్క తగులుతుంది గానీ ఇలా కొలిచి పెట్టినట్టు రెండు పక్కలా తగలదు.

"ఎక్కడైనా గట్టి చోట చాలాసేపు కూర్చున్నావా అమ్మా?"

"లేదు మేడమ్. సైక్లింగ్ క్లాసుకెళ్తున్నాను, అంతే."

"రోడ్డు మీదా?"

"కాదు, గదిలో. సైకిలు కదలదు."

వాళ్ళమ్మ మధ్యలో అందుకుంది. "కదలని సైకిలుకి నెలకు అన్ని వేలు కడుతోందండీ!"

దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికా చేరిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్పిన్నింగ్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు మన మాదాపూర్, గచ్చిబౌలి జిమ్ముల్లో కూడా చీకటి గది, రంగు లైట్లు, చెవులు పగిలే పాటలు, ముప్పావుగంట తొక్కుడు. గుండెకు మంచిదే, మోకాళ్ళ మీద బరువు పడదు, కుక్కలూ లారీలూ అడ్డు రావు. వచ్చిన చిక్కల్లా సీటు దగ్గరే.

కూర్చున్నప్పుడు మన బరువు మోసే ఎముకలు రెండున్నాయి. గట్టి పీట మీద కూర్చుని అరచేతులు పిర్రల కింద పెట్టుకుంటే మీ చేతికే తగులుతాయి. ఇస్కియల్ ట్యూబరోసిటీలు అంటాం. ఆ అమ్మాయి మచ్చలు సరిగ్గా ఆ ఎముకల మీదే ఉన్నాయి. అంటే ఆమె కూర్చోవలసిన చోటే కూర్చుంది. అలవాటు లేని కండ నలిగింది, అంతే. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విడుపు ఇస్తూ తొక్కితే రెండు మూడు వారాల్లో ఆ కండ బరువుకు అలవాటు పడుతుంది. మందు అక్కర్లేదు. మెత్త కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ కొనుక్కోమని, వాటి లోపల లోదుస్తులు వేసుకోవద్దని చెప్పాను.

"లోపల ఏమీ లేకుండానా?" అన్నది అమ్మాయి కాదు, వాళ్ళమ్మ.

అవునమ్మా, ఏమీ లేకుండానే. లోదుస్తుల కుట్లు, ఎలాస్టిక్ అంచులు సరిగ్గా తొడమూలల్లోకి వస్తాయి. చెమటకు తడిసిన చర్మాన్ని ఆ కుట్టు కొన్ని వేలసార్లు రాస్తే అది ఆకురాయితో సమానం. షార్ట్స్‌లో ఉండే మెత్తను ఇప్పటికీ షామీ అంటారు. ఐరోపా కొండల్లో తిరిగే మేకజాతి జంతువు పేరది. ఒకప్పుడు దాని తోలునే కుట్టేవారు. ఉతికి ఆరేస్తే అప్పడంలా బిగుసుకుపోయేది, దాన్ని మెత్తబరచడానికి కొవ్వు పూసేవారు. ఇప్పుడున్నది సింథటిక్ గుడ్డ, తోలు పోయినా పేరు నిలిచింది.

ఆ అమ్మాయి ఒక్కతే అయితే మరిచిపోయేదాన్ని. కానీ ఆ ఏడాదిలో అలాంటివాళ్ళు పది మంది దాకా వచ్చారు, ఒక్కొక్కరిదీ ఒక్కో చోటు. తొడమూలలు ఎర్రగా ఒరుసుకుపోయినవాళ్ళు. వ్యాక్సింగ్ చేయించుకున్న మర్నాడే క్లాసుకెళ్ళి, వెంట్రుక మూలాల్లో చీము పొక్కులు తెచ్చుకున్నవాళ్ళు. మా నాన్న బడిపంతులు. పదహారు మైళ్ళు, రానూ పోనూ, అట్లాస్ సైకిలు మీద ముప్పై ఏళ్ళు తొక్కారు. ఒక్కనాడు ఇలా బాధపడ్డట్టు వినలేదు. ఆయనకు లేని బాధ వీళ్ళకెందుకని నాకు పట్టుకుంది.

ఒక సంగతి తోచింది. నాన్న సైకిలుకు వెడల్పాటి తోలు సీటు, కింద రెండు స్ప్రింగులు. హ్యాండిల్ ఎత్తుగా ఉండేది, నిటారుగా కూర్చునేవారు. బరువంతా ఎముకల మీదే. పైగా రోడ్డు మీద తొక్కేవాడు ఒక్కచోట కూర్చోడు. గతుకొస్తే లేస్తాడు, మలుపులో ఒరుగుతాడు, తెలిసినవాళ్ళు కనిపిస్తే కాలు ఆనించి మాట్లాడతాడు. నొక్కుకున్న చోటికి తెలియకుండానే మళ్ళీ మళ్ళీ రక్తం పారుతుంది. గదిలో సైకిలు నేలను కరుచుకుని ఉంటుంది. ఒరగదు, ఆగదు. ఎదురుగాలి లేదు కాబట్టి చెమట ఆరదు, కారి కారి సీటు దగ్గరే చేరుతుంది.

ఊహించుకుంటూ కూర్చోవడమెందుకని ఒక పేషెంటును బతిమాలి నేనూ ఒక క్లాసుకెళ్ళాను. నవ్వకండి, అప్పటికి నాకు యాభై ఒకటి. పొద్దున ఆరు గంటల బ్యాచ్. ఇరవై దాకా సైకిళ్ళు. నాది వెనక వరుసలో ఉంది. సీటు ముందు భాగంలో తొడుగు చిరిగితే నల్ల టేపు చుట్టారు, ఆ టేపు అంచు లేచి గరుకుగా తగులుతోంది. సీటు కింది గొట్టం మీద అంకెలున్నాయి, పక్కనే తిప్పే పిడి. ఒక్కొక్కరే వచ్చారు, నీళ్ళ సీసా పెట్టారు, తువ్వాలు వేశారు, ఫోన్ సర్దుకున్నారు. పిడి మీద చెయ్యి వేసినవాళ్ళు నాకు కనబడ్డంతలో ఇద్దరే. మిగతా అందరూ ముందు బ్యాచ్‌వాళ్ళు వదిలిపోయిన ఎత్తులోనే ఎక్కి కూర్చున్నారు. చెప్పుల సైజు చూసుకుంటాం, హెల్మెట్ బిగుతు చూసుకుంటాం, ఇక్కడ మాత్రం ఎవరి కొలతో ఎవరికో.

నా పక్కనున్న పిల్ల అయిదడుగులు ఉంటే ఎక్కువ. సీటు ఎవరో ఆజానుబాహువుకు పెట్టింది. పెడల్ అందుకోవడానికి ప్రతి తొక్కుకూ ఆమె నడుం ఒకసారి ఇటు, ఒకసారి అటు జారుతోంది. ముప్పావుగంట సేపు రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టే. తొడమూలలు ఒరుసుకుపోవడానికి అంతకంటే ఏం కావాలి? ముందు వరుసలో ఇంకొకాయన బిగింపు అసలు పెట్టుకోకుండా గాలిలో తొక్కినట్టు గిరగిరా తొక్కుతున్నాడు. పెడల్‌కు బిగింపు ఉంటే కాళ్ళు కొంత బరువు మోస్తాయి. లేకపోతే మొత్తం సీటు మీదే పడి ఎగిరెగిరి కూర్చుంటుంది.

ఆ రోజు నుంచి నా ఓపీలో మొదటి ప్రశ్న మారింది. నొప్పి ఎప్పటి నుంచి అని కాదు, సీటు ఎత్తు ఎవరు పెట్టారు అని. చాలామంది తెల్లముఖం వేస్తారు. సైకిలు పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తుకు రావాలి. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు బల్లపరుపుగా ఉండాలి, ముక్కు పైకి లేవకూడదు. ఆన్‌లైన్‌లో జెల్ తొడుగులు కొంటారు, వాటిమీద నాకు నమ్మకం లేదు. మరీ మెత్తటి దాంట్లో ఎముకలు దిగబడతాయి, మధ్యలోని మెత్త ఉబ్బి తగలకూడని చోట నొక్కుతుంది. తొడమూలలకు వాజెలిన్ రాసుకోండి. పౌడరు వద్దు, చెమటకు ముద్దకడుతుంది.

ముక్కు పైకి లేచిన సీటు ఏం చేస్తుందో ఒకాయన చూపించాడు. నలభై రెండేళ్ళుంటాయి. నడుం నొప్పి అనే చీటీతోనే వచ్చాడు. నడుం చూశాను, బాగానే ఉంది. ఏదో దాస్తున్నాడని తెలుస్తూనే ఉంది. చివరికి ఫోన్ తీసి, ఏదో వెతికిన పేజీ తెరిచి, బల్ల మీద నా వైపు తోశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు. క్లాసయ్యాక గంట సేపు మర్మాంగానికి స్పర్శ తెలియడం లేదని, ఇది శాశ్వతమా అని ఆ ప్రశ్న సారాంశం.

ముందుకు వంగి తొక్కితే బరువు ఎముకల మీంచి జారి మధ్యలోకి వస్తుంది. అక్కడ పుడెండల్ అనే నరం, దాని పక్కనే రక్తనాళం. లాటిన్‌లో ఆ పేరుకు సిగ్గుపడవలసినది అని అర్థం. శరీరశాస్త్రం రాసినవాళ్ళకే సిగ్గయితే మా పేషెంట్లను అనేదేముంది! అమెరికాలో సైకిళ్ళ మీద గస్తీ తిరిగే పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు వాడించారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తిమ్మిరి చాలామందిలో తగ్గింది. అదే ఈయనకు చెప్పాను. సీటు ముక్కు దించి, హ్యాండిల్ పైకి లేపి, అయిదారు నిమిషాలకోసారి లేచి నిలబడి తొక్కమన్నాను. రెండు వారాలు క్లాసు మానమన్నాను. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి చీటీలో ఏ నొప్పీ రాయించలేదు. తిమ్మిరి పోయింది. ఇలాంటి తిమ్మిరి వస్తే ఓర్చుకోవడం గొప్ప కాదు. కాలు తిమ్మిరెక్కితే ఎలా లేస్తామో అలాగే లేవాలి.

సిగ్గుతో ముడుచుకుపోయేవాళ్ళకు నేను చెప్పే కథలు రెండున్నాయి. ఫ్రాన్స్ వీరుడు లూయిసాన్ బోబె 1955లో వరసగా మూడోసారి టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది సీటు పుళ్ళతోనే, తర్వాత వాటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఐర్లండ్‌కు చెందిన షాన్ కెల్లీ 1987లో స్పెయిన్ రేసులో అందరికంటే ముందుండి కూడా ఇదే పుండుతో మధ్యలో దిగిపోయాడు. కొలంబియా వాడు లూయిస్ హెరెరా గెలిచాడు. వాళ్ళకు లేని నామోషీ మనకెందుకు?

ఇక నా తప్పు సంగతి. విజయవాడ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. "బుజ్జీ, జిమ్ములో సైకిలు తొక్కుతున్నా, సీటు దగ్గర ఒరుసుకుపోయి గడ్డలా ఉంది" అన్నాడు. అప్పటికి నేను ఈ విషయంలో పెద్ద పండితురాలిని కదా! "అందరికీ వచ్చేదే అన్నయ్యా, నాలుగు రోజులు మానెయ్, గోరువెచ్చటి నీళ్ళలో కూర్చో" అన్నాను. గడ్డ ఎక్కడ అని అడగలేదు. జ్వరం ఉందా అని అడగలేదు. ఆయనకు షుగరని నాకు తెలుసు, ఎంత ఉందని అడగలేదు. జిమ్ములో కుర్రాడు కూడా "మొదట్లో అందరికీ అంతే సార్" అన్నాడట. ఆ కుర్రాడికీ నాకూ తేడా లేకపోయింది.

నాలుగో రాత్రి కారు వెనక సీట్లో పక్కకు తిరిగి పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. గడ్డ మలద్వారం పక్కన, లోతుగా. పైన చర్మం కాస్త ఎర్రబడింది తప్ప పెద్దగా ఏమీ కనిపించదు, వేలు ఆనిస్తే కేక వేశాడు. షుగర్ 400 దాటింది. నిజానికి అది సీటు పుండే కాదు. మలద్వారం దగ్గరి గ్రంథిలో పుట్టిన చీముగడ్డ. సైకిలు తొక్కకపోయినా వచ్చేదే. ఆ రాత్రే మత్తిచ్చి కోశాం. వచ్చిన చీము చూసి నర్సు నా వైపు చూసింది. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. వదిన నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

అప్పటి నుంచి ఈ బాధకు ఫోన్‌లో సలహా చెప్పను, ఎవరు అడిగినా, ఎంత దగ్గరివాళ్ళైనా.

ఇంకొకటి, తామర. తడి టైట్స్‌తోనే కారెక్కి, ట్రాఫిక్‌లో గంట కూర్చుని, ఇల్లు చేరాక స్నానం చేసేవాళ్ళకు గజ్జల్లో గుండ్రటి దురద మచ్చలు వస్తాయి. సీటు ఒరిపిడి అనుకుని మందుల షాపులో అడుగుతారు. ఇచ్చేది ఎక్కువగా స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. రెండు రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, బూజు మాత్రం లోలోపల పాకుతుంది. రెండు నెలలు రాసి తొడల మీద చర్మం పలచబడి చారలు పడ్డాక చర్మం డాక్టరు దగ్గరికి పంపాల్సి వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. క్లాసు అవగానే అక్కడే బట్టలు మార్చుకోండి. ఆ ట్యూబు ఇంట్లో ఉంటే పారెయ్యండి.

కందితే నాలుగు రోజులు విడుపివ్వండి. పొక్కులొస్తే గిల్లకండి, పిన్నుతో పొడవకండి. కానీ గడ్డ రోజురోజుకూ గట్టిపడుతున్నా, రాత్రి నిద్ర పట్టనంత పోటు పెడుతున్నా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నా మరుసటి క్లాసు దాకా ఆగొద్దు. ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. చీటీలో ఏం రాయించుకున్నా సరే, లోపలికొచ్చాక చోటు మాత్రం సరిగ్గా చెప్పండి.