సౌండ్ ఎక్కడ పోతోంది? మా పెడల్ స్విచ్ బాక్స్ సంగతి



మా బ్యాండ్‌లో నలుగురం. థుడుం, మోరి, గిటారు, పాట. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి థింసా బాణీలు వాయిస్తామని ఊళ్లో మాటిచ్చాం. ఇంకా పది రోజులుందనగా గిటారు సౌండ్ పడిపోవడం మొదలైంది. సౌండ్ సిస్టమ్ ఆయన మా బాక్స్ చూసి, ఇంట్లో చేసినవి ఇంతే, కొనుక్కోండి అనేశాడు. కొనడానికి డబ్బుల్లేవు. అంతకంటే, మనవాళ్లు చేసింది పనికిరాదన్న మాట ఊరికే ఒప్పుకోబుద్ధి కాలేదు.

ముందు బాక్స్ గురించి. నాలుగు పెడల్స్‌ని కాలితో నొక్కి కలపడానికి, తప్పించడానికి నాలుగు స్విచ్‌లు. 9 కాళ్లుండే ఈ స్విచ్‌ని 3పిడిటి అంటారు. ఒక్కో స్విచ్‌కి రెండు జాక్‌లు: ఒకటి పెడల్‌కి సిగ్నల్ పంపేది, రెండోది తిరిగి తెచ్చేది. తిరిగి తెచ్చే జాక్ లోపల చిన్న రేకు ఉంటుంది. పిన్ను పెట్టనప్పుడు ఆ రేకు ఆనుకుని సిగ్నల్‌ని నేరుగా దాటిస్తుంది. పెడల్ లేకపోయినా సౌండ్ ఆగకూడదని ఆ ఏర్పాటు.

వెతకడం ఎలాగంటే, సగం సగం చేసుకుంటూ పోవాలి. గిటారు నేరుగా యాంప్‌కి పెట్టాం, సౌండ్ బాగుంది. అంటే గిటారు, కేబుల్, యాంప్ మంచివే. బాక్స్ మధ్యలో పెట్టి స్విచ్‌లన్నీ ఆఫ్ చేశాం, సౌండ్ వస్తోంది. ఒక్కొక్కటే ఆన్ చేస్తే మూడోదాని దగ్గర సౌండ్ సన్నబడి గరగరలాడింది. అది డిలే పెడల్ చోటు. ఆ పెడల్ అరువుది, ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఉన్న రోజు బాగుంటోంది, లేని రోజు పడిపోతోంది. అందరం స్విచ్ పోయిందనే అనుకుంటున్నాం.

అప్పుడు ఆ రెండు జాక్‌ల మధ్య ఒక చిన్న కేబుల్ పెట్టి చూశాం. సౌండ్ నిండుగా వచ్చేసింది! స్విచ్ పోతే కేబుల్ పెట్టినా రాకూడదు కదా. దొంగ ఆ రేకే.

మల్టీమీటర్ పెడితే మిగతా మూడు రేకుల దగ్గర 1 ఓమ్ లోపే చూపించింది. ఇక్కడ లక్షల్లోకి పోయి, జాక్‌ని తడితే మారిపోతోంది. మన ఏజెన్సీ వానలు, తేమ తెలిసిందే. రేకు మీద నల్లటి పొర పట్టింది. గిటారు సిగ్నల్ చాలా చిన్నది, ఆ పొరని చీల్చుకుని పోలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచి, పిన్ను పది ఇరవై సార్లు పెట్టి తీశాం. రేకుని కొంచెం లోపలికి వంచాం. మీటర్ 1 ఓమ్ లోపుకి దిగింది.

అయినా సౌండ్ ఇంకా కాస్త మందంగానే ఉంది, తీగ గలగల లేదు. ఇది వేరే జబ్బు. కేబుల్ ఒక్కో మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. స్టేజి మీద రెండువైపులా కలిపి 12 మీటర్లు లాగితే దాదాపు 1200. గిటారు పికప్ అంత బరువు మోయలేదు, పై స్వరాలు కేబుల్‌లోనే పోతాయి. పెడల్స్ అన్నీ ఆఫ్ చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. దీనికి మందు బఫర్. టిఎల్ 072 అనే చిన్న ఐసీ, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్ట్‌లు. గిటారు వచ్చే చోట పెట్టాం, గలగల తిరిగొచ్చింది.

9న ఆ బాక్స్‌తోనే వాయించాం. థుడుం పక్కన గిటారు వినపడింది.

మీలో ఎవరి బాక్స్ అయినా మొరాయిస్తే పారేయకండి, ఎవరో నవ్వారని ఆపేయకండి. ముందు ఒక చిన్న కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ దొరక్కపోతే బాక్స్ ఫోటో ఇక్కడ పెట్టండి, కలిసి వెతుకుదాం.