పహాణీలో లేని పేర్లు



మన ఊరికి రెండు పేర్లున్నాయి. బోర్డు మీద వెల్దుర్తి, నోట్లో ఎల్దుర్తి. ఇంగ్లీషులో ఒకచోట 'వి'తో రాస్తారు, ఇంకోచోట 'వై'తో రాస్తారు. కొత్తగా బదిలీ అయి వచ్చిన ఉద్యోగులు ఏది సరైనదని నన్ను అడుగుతుంటారు. కర్నూలు జిల్లాలో ఒక వెల్దుర్తి ఉంది, పల్నాడులో మరొకటి ఉంది. అందుకే పార్శిలేదైనా తెప్పించుకుంటే 'మెదక్ జిల్లా' అని గట్టిగా రాయాలి. నాకైతే ఎల్దుర్తి అంటేనే ఇష్టం. పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ ఆ మాట అన్నట్టు బోర్డు అనలేదు.

మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒక్కసారి పైకి చెప్పుకోండి. కుకునూర్, మానేపల్లి, మంగళపర్తి, హస్తాల్‌పూర్, ఇప్పుడు వేరే మండలమైన మాసాయిపేట. పల్లి అన్నది మన మాట. పూర్ ఒకప్పుడు సంస్కృతం నుంచి బయల్దేరి ఉర్దూ కాగితాల మీదుగా మన దగ్గరికి వచ్చింది. పేట అని ఉంటే చాలాసార్లు ఎవరో ఒక పెద్దమనిషి కట్టించిన ఊరై ఉంటుంది. పెద్దశంకరంపేటలో ఉన్నది పాపన్నపేట సంస్థానపు రాణి శంకరమ్మ పేరేనని మన జిల్లాలో చెప్పుకుంటారు. మెదక్‌ను కూడా ఒక కాలంలో గుల్షనాబాద్ అని మార్చారు, అంటే పూలతోట. రాజులు పెట్టిన ఆ పూలతోట వాడిపోయింది. మెతుకు మాత్రం నిలిచింది.

ఊరి పేరు పెట్టాలంటే రాణి కావాలి, నవాబు కావాలి, కనీసం ఒక జాగీర్దారైనా కావాలి. పొలానికి అవేమీ అక్కర్లేదు. అందులో నడుం వంచినవాళ్లే దానికి పేరు పెట్టారు. పోయిన వానాకాలం నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లను గుడి అరుగు మీద కూర్చోబెట్టి, తాము దున్నిన పొలాల పేర్లు అడిగి రాసుకుంటున్నాను. మొదట్లో నవ్వారు. "గవన్నీ ఎందుకయ్యగారూ, సర్వే నంబర్లున్నయి కదా" అన్నారు. తర్వాత ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పడం మొదలుపెట్టారు. మోదుగుల చెలక. గుర్రాల బీడు, అంటే దొరగారి గుర్రాలు మేసిన చోటు. నీరడోళ్ల మడి. పిల్లలకు ఈ మాట తెలియదు కాబట్టి చెబుతున్నాను: చెరువు తూము తీసి, ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చూసే మనిషి నీరడి. ఆ పని చేసింది ఎక్కువగా మన వాడల వాళ్లే. ఆ పనికి జీతంగా చెరువు కింద కొంత ఇనాం భూమి ఉండేది. ఊరి నీళ్లన్నీ ఆయన చేతిలోనే ఉండేవి గాని, ఊరి బావిలో చేద వేయడానికి మాత్రం ఆయనకు వీలుండేది కాదు.

గంజి మడి అని ఒకటి చెప్పారు. అక్కడ నాట్లకు వెళ్తే కూలి కింద గంజి పోసేవాళ్లట. వెట్టిబాయి అని ఇంకొకటి. ఆ బాయిని రూపాయి ఇవ్వకుండా తవ్వించారు, ఇంటికొక మనిషి చొప్పున, ఎండాకాలమంతా. ఆ సంగతి ఏ రికార్డులోనూ ఉండదు. తవ్వించినవాడు రాసుకోడు, తవ్వినవాడికి రాయడం రాదు. అయినా బాయికి పేరు పెట్టి వదిలారు. ఎనభై ఏళ్ల తర్వాత నాలాంటివాడు అడిగితే తెలిసేలాగా.

బైబిల్లో నాబోతు కథ మీకందరికీ తెలుసు. అహాబు రాజు అడిగాడు, నాబోతు పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు, అబద్ధ సాక్షులు లేచారు, రాళ్లతో కొట్టి చంపారు, రాజు వెళ్లి ద్రాక్షతోటను స్వాధీనం చేసుకున్నాడు. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడ ఏలీయా రావడంతో ముగుస్తాయి. ఈసారి ఇంకొంచెం ముందుకు వెళ్లి, రాజులు రెండవ గ్రంథం తొమ్మిదో అధ్యాయం చదవండి. చాలా ఏళ్లు గడిచాయి. అహాబు చనిపోయాడు, అతని కొడుకు యెహోరాము రాజయ్యాడు. యెహూ రథం వేసుకుని వస్తుంటే ఇద్దరూ ఎదురుపడింది ఎక్కడ? యెజ్రెయేలీయుడైన నాబోతు భూభాగంలో. అది రాజుగారి భూమి అయి అన్నేళ్లయింది. ఈనాటి లెక్కలో చెప్పాలంటే పట్టా మారింది, పాసుబుక్కు వచ్చింది. అయినా దాన్ని అహాబు తోట అని ఎవరూ అనలేదు. ఈ కథను రాసినవాడూ అనలేదు. అది నాబోతు భూమిగానే ఉంది.

ఈ పేర్ల పని మొదలుపెట్టాక ఆ అధ్యాయం నాకు వేరేగా కనబడుతోంది.

ఇప్పుడు కొంచెం కాగితాల సంగతి. మన పెద్దవాళ్లు 'పోలీస్ యాక్షన్ తర్వాత' అని చెప్పే కాలం నుంచి మొదలుపెడదాం. 1949 ఆగస్టులో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జూన్‌లో కౌలుదారీ చట్టం అమల్లోకి వచ్చింది. కొన్నేళ్లు విడవకుండా సాగుచేస్తున్న కౌలుదారును రక్షిత కౌలుదారు అన్నారు. అతన్ని ఊరికే వెళ్లగొట్టకూడదు. భూమి కొనుక్కునే హక్కులో మొదటి వంతు అతనిదే. ఆ తర్వాత ఖాస్రా పహాణీ తయారైంది, 1954-55లో. భూమి ఎవరి పేరున ఉంది, నిజానికి దానిలో ఎవరున్నారు అని చూసి రాసిన పుస్తకం అది. ఈనాటికీ భూమి తగాదా వస్తే వకీళ్లు ముందు దాన్నే అడుగుతారు. ఆ పాత పహాణీల్లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి.

చట్టం మంచిదే. ఊళ్లో జరిగింది వేరు. ఎ. ఎం. ఖుస్రో అనే ఆర్థికవేత్త హైదరాబాదు రాష్ట్రమంతా పరిశీలించి 1958లో ఒక పుస్తకం వేశారు. దాని ప్రకారం చట్టం వచ్చిన నాలుగైదేళ్లలోనే, రక్షిత కౌలుదారుల్లో సగానికి పైగా మంది కౌలుదారులుగా మిగల్లేదు. కొందరు భూమి కొనుక్కున్నారు. అంతకన్నా ఎక్కువ మందిని చట్టాన్ని లెక్కచేయకుండా లేపేశారు. ఇంకా కొందరు 'స్వచ్ఛందంగా' వదులుకున్నారు. గడిలో కూర్చున్న దొర ముందు నిలబడి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక మనిషి స్వచ్ఛందంగా ఏం వదులుకుంటాడో మీరే ఆలోచించండి.

సెమినరీలో సంఘ చరిత్ర చదివిన రోజుల్లో ఐర్లాండు దేశం గురించి కొంత చదివాను. అక్కడ కూడా భూమి ఒకరిది, దున్నేది ఇంకొకరు. 1824లో బ్రిటిషు సర్వే మొదలై ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు ఉచ్చారణలోకి మారాయి. జాన్ ఓ డొనోవన్ అనే పండితుడు పారిష్ పారిష్ తిరిగి, పల్లెవాళ్లనే అడిగి అసలు పేర్లు రాసుకున్నాడు. ఆ తర్వాత 1847 నుంచి 1864 వరకు గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే పన్ను పుస్తకాలు అచ్చయ్యాయి. ఒక గడిలో భూమిలో ఉన్నవాడి పేరు, పక్క గడిలో భూమి ఇచ్చినవాడి పేరు. ఈరోజు అమెరికాలో ఉన్న మనవళ్లు, మునిమనవళ్లు మా తాత ఏ చెలకలో ఉండేవాడో అని ఆ పుస్తకం తిరగేస్తున్నారు. దొరుకుతోంది కూడా. కౌలుదారుకు అందులో ఒక గడి ఉంది కాబట్టి. 1903 చట్టం తర్వాత అక్కడి కౌలుదారులు ప్రభుత్వమిచ్చిన అప్పుతో పెద్ద ఎత్తున భూమి కొనుక్కోగలిగారు.

మన దగ్గర ఆ గడి తీసేశారు. 2017లో రికార్డులు కొత్తగా రాశాక, 2020లో ధరణి వచ్చాక, అనుభవదారు అన్న గడి పహాణీలో కనబడలేదు. పట్టా ఉన్నవాడొక్కడే మిగిలాడు. దానికి కారణం కూడా చెప్పారు, ఆ గడి వల్లే తగాదాలు వస్తున్నాయని. నేను అధికారిని కాను, రెండు వైపులా చూడాలి. ఆ గడిని అడ్డం పెట్టుకుని బీదరైతును ఏడిపించినవాళ్లు కూడా ఉన్నారు, నాకు తెలుసు. కానీ తగాదాను పోగొట్టడానికి ఒకరి పేరే తీసేస్తే, తగాదా లేనట్టు కనబడుతుందంతే. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బులు పట్టాదారు ఖాతాలో పడ్డాయి. మన సంఘంలో కౌలుకు చేసే కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. వాళ్లకు పడలేదు. వడగండ్లు మాత్రం వాళ్ల పంట మీదే పడ్డాయి.

మన సంఘంలో ఒక కుటుంబం గురించి, వాళ్ల అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాను. వాళ్ల తాత రక్షిత కౌలుదారు. కాగితం ఉంది, మడతల దగ్గర చిరిగింది, ఉర్దూలో ఉంది. ఆ చెలకకు ఈనాటికీ తాత పేరే. గొర్లు కాసేవాళ్లు, ట్రాక్టరు వాళ్లు, చివరికి కరెంటు లైన్‌మన్ కూడా ఆ పేరే చెబుతాడు. కుటుంబం మాత్రం దానిలో లేదు. ఎప్పుడు, ఎలా బయటికొచ్చారో ఇంట్లోనే రెండు కథలున్నాయి. ఒకరు రాసిచ్చారంటారు, ఒకరు రాయించుకున్నారంటారు. రాసిచ్చినా అది తహసీల్దారు ముందు ఒప్పుకుని, ఇష్టపూర్వకంగా జరిగితేనే చెల్లుతుందని చట్టం. అలా జరిగిందనే కాగితం ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు మనవడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

ఇంతవరకైతే తేలికే, నేను కూడా నాబోతు ప్రసంగం చేసి కూర్చునేవాణ్ని. అయితే ఇప్పుడు ఆ చెలకలో ఉన్నది దొర కాదు. దొర ఎప్పుడో అమ్ముకుని హైదరాబాదు వెళ్లిపోయాడు. చేతులు మారి మారి, ముప్పై ఏళ్ల కింద ఒక చిన్న రైతు బర్లు అమ్మి కొనుక్కున్నాడు. ఆయన లేడు. ఆయన భార్య శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మన గుడికే వస్తుంది. రెండు కుటుంబాలూ ఒకే చాప మీద మోకరిస్తాయి. ఇద్దరూ నన్ను ప్రార్థన చేయమంటారు. "అయ్యగారూ, మా తాత భూమి" అంటాడు అతను. "అయ్యగారూ, మా ఆయన కష్టం" అంటుంది ఆమె. ఎవరి మాటా అబద్ధం కాదు. ఇద్దరినీ కూర్చోబెట్టి రెండుసార్లు మాట్లాడాను. ఏమీ తేలలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. రెండోసారి మాట్లాడుతుంటే ఆమె ఆ చెలకను దాని పేరుతోనే అన్నది, అంటే అతని తాత పేరుతో. తనకు తెలియకుండానే అన్నది. అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు మామూలుగా మాట్లాడుకున్నారు, ఆ చెలకలో ఎక్కడ రాళ్లు తేలతాయి, ఎక్కడ తేమ నిలుస్తుంది అని. కేసు నడుస్తూనే ఉంది.

పోయిన కోతకాలపు పండుగ నాడు జరిగింది కూడా చెప్పాలి. అందరూ వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెడుతున్నారు. కౌలుకు చేసే ఒక తమ్ముడు అరబస్తా వడ్లు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు. లోపలికి రమ్మంటే, "భూమి నాది కాదు కదయ్యగారూ, ప్రథమఫలం అనొచ్చా?" అని అడిగాడు. ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరో అధ్యాయం తీసి చూపించాను. ప్రథమఫలాల గంప తెచ్చిన ప్రతి ఇశ్రాయేలీయుడు ముందు చెప్పవలసింది తన భూమి ఎన్ని ఎకరాలో కాదు. తన పితరుడు నిలువ నీడలేక తిరిగినవాడని, ఐగుప్తులో పరదేశిగా బతికాడని, వెట్టి చేశాడని చెప్పాలి. ఆ తర్వాతే గంప. "గిదంతా మా తాత కథనే" అన్నాడు. బస్తా లోపల పెట్టాడు.

పేర్ల పని ఎందుకు తొందరగా చేయాలో కూడా చెబుతాను. హైవే వైపు ప్లాట్లు పడుతున్నాయి, మీరు చూస్తున్నారు. వెట్టిబాయిని పోయిన సంవత్సరం మట్టితో పూడ్చారు. ఇప్పుడక్కడ ఒక గేటు, గేటు మీద ఇంగ్లీషులో ఏదో పచ్చదనం పేరు. అమ్ముకున్నవాళ్లను తప్పుపట్టను. పిల్లల చదువుకు, అమ్మాయి పెళ్లికి ఎకరం అమ్మక తప్పనివాళ్లే వాళ్లంతా. కానీ ఇంకో పదేళ్లకు ఆ బాయి పేరు తెలిసినవాళ్లు ఉండరు. ఇస్సాకు తన తండ్రి తవ్వించిన బావులను ఫిలిష్తీయులు పూడ్చేస్తే మళ్లీ తవ్వించాడు. వాటికి తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. మనం తవ్వలేకపోవచ్చు. రాయగలం.

మన గుడిలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంది. మన తాతల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, ఊరు, వృత్తి రాసి ఉన్న కాగితం చాలా ఇళ్లకు అదొక్కటే. వృత్తి గడిలో ఎక్కువ చోట్ల 'కూలి', 'జీతం' అని ఉంటుంది. కొన్ని చోట్ల 'కౌలు' అని ఉంది. ఆ రిజిస్టరు పక్కనే పెట్టడానికి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. నాలుగు గడులు గీశాను: పొలం పేరు, ఎక్కడుంది, ఎవరు దున్నేవారు, ఆ పేరు ఎందుకొచ్చింది. పట్టా ఎవరిదన్న గడి గీయలేదు. దానికి వేరే ఆఫీసుంది.

విదేశాల్లో, హైదరాబాదులో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాయనను, అమ్మమ్మను ఒక్క పొలం పేరు అడిగి నాకు వాయిస్ మెసేజ్ పంపండి. వాళ్ల నోటితోనే చెప్పించండి. మీరు టైపు చేస్తే పలుకు మారిపోతుంది. ఇప్పటికి అరవై మూడు పేర్లు వచ్చాయి. మంగళపర్తి వాళ్లు ముందున్నారు. మానేపల్లి వాళ్ల దగ్గర నుంచి ఇంకా ఒక్కటీ రాలేదు.