జంక్షన్‌లో బసచేసే సువార్త జీపు

విజయవాడ-ఏలూరు రహదారిపై నూజివీడు, గుడివాడ దారులు కలిసేచోటు హనుమాన్ జంక్షన్. మా సంఘపు సువార్త జీపు రాత్రి బస ఇక్కడే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది గనుక వానాకాలపు నల్లమట్టి బురదలోనూ పల్లెలు చేరగలం. 1841లో బందరు వచ్చిన ఫాక్స్ దొరగారు గుడారాలతో తిరిగిన ప్రాంతమిది. మాకు సీట్లు మడిస్తే రెండు పడకలు!

మైకుకు, దీపాలకు 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల రెండవ బ్యాటరీ పెట్టించాము. 60 వాట్లకు 5 ఆంపియర్లు. సగమే వాడినా 10 గంటలు. ఇంజను ఆగగానే రిలే రెండు బ్యాటరీలనూ వేరుచేస్తుంది, తెల్లవారి జీపును త్రోయనక్కరలేదు.

మేస్త్రీగారు దానిని పడక క్రింద ఊరకే పెట్టేద్దామన్నారు. ఛార్జింగులో పుట్టే హైడ్రోజన్ నిప్పు తగిలితే ప్రేలుతుంది. పైన పడుకునేది పిల్లలు. మూతపెట్టె చేయించి, గొట్టం బయటకు తీయమన్నాము. గొణుగుతూనే ఆయన దానిని చక్కగా బిగించారు.