నూనె ఎక్కడ కనిపిస్తోంది, ఎక్కణ్ణుంచి వస్తోంది

కారు కింద నల్లటి మరక కనిపించగానే మనకు తెలిసేది ఒక్కటే, నూనె కారుతోందని. ఎక్కణ్ణుంచి కారుతోందో ఆ మరక చెప్పదు. ఈ రెండిటికీ తేడా పట్టించుకోకపోతే పాత కారున్నవాడి జేబుకు చిల్లు పడటం ఖాయం. మా బాపు విషయంలో జేబుతో పోయేది కాదు, ఏకంగా కారే పోయేది.

బాపుది 1999 మోడల్ మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బొరేటర్ బండి. ఆ కారు మొట్టమొదట జనం చేతికొచ్చింది 1983 డిసెంబరులో, తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. టీఎస్ వచ్చింది, 2024లో టీజీ కూడా వచ్చింది, మా బండి నంబరు మాత్రం ఇంకా ఏపీ 36 దగ్గరే ఉంది. సొంత కారుకు పదిహేనేళ్లు దాటితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1న 600 నుంచి ఒకేసారి 5,000కు పెరిగింది. 2024లో బాపు మూడోసారి పొడిగించుకున్నాడు, కొత్త ఫీజు కట్టి మరీ. మా తమ్ముడికి మంట మొదలైంది అప్పట్నించే.

బాపుకు 74 ఏళ్లు. అమ్మను ఎక్కించుకుని వారానికోసారి హన్మకొండ నుంచి పరకాల దగ్గరున్న మా ఊరికి పోయొస్తాడు. బస్సులున్నాయి, కానీ అమ్మ మోకాళ్లకు బస్సు మెట్లు పడవు. ఆ ప్రయాణం లేకపోతే వాళ్లిద్దరి వారమంతా టీవీ ముందే. అందుకని ఈ నూనె గొడవ మాకు కేవలం రిపేరు గొడవ కాదు. "ఇగ చాలు, అమ్మేద్దాం" అనడానికి తమ్ముడికి దొరికిన సాకు.

అప్పటికే రెండు షెడ్లు చూశాయి. మొదటాయన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చాడు. వారం తిరక్కుండానే మళ్లీ మరక. రెండో ఆయన కిందికి దూరి చూసి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట తడి చూపించాడు. "వెనక సీల్ పోయింది సార్, గేర్‌బాక్సు దించాలె. ఎట్లాగూ దించుతున్నం గాబట్టి క్లచ్ ప్లేట్లు గూడ ఏస్కుందాం" అన్నాడు. అంచనా తొమ్మిది వేలు. "ఎట్లాగూ దించుతున్నం గాబట్టి" అన్న మాట విన్నాక ప్రాజెక్టు బడ్జెట్ ఏమవుతుందో మనవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆయన మాట అబద్ధం కాదు. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ పోతే నూనె సరిగ్గా అక్కణ్ణుంచే కారుతుంది. కాకపోతే పైనెక్కడ లీకైనా జారి జారి చేరేది కూడా అక్కడికే! రెండు కారణాలకు ఒకే లక్షణం ఉన్నప్పుడు ఆ లక్షణాన్ని ఎంతసేపు చూసినా లాభం లేదు. లాగ్‌లో చివరి ఎర్రర్‌ను పట్టుకుని వేలాడటం లాంటిదే ఇది. మొట్టమొదట ఏది తప్పిందో చూడాలి.

నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. మొదటి ప్రశ్న, అసలు ఇది ఇంజనాయిలేనా? గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం ఘాటు కొడుతుంది. ఇది నల్లగా, పల్చగా ఉంది. పైగా డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గుతోంది. కాబట్టి ఇంజనాయిలే. క్లచ్ జారడం లేదన్నది ఇంకో చిన్న ఆధారం. వెనక సీల్ నూనె ప్లేట్ల మీద పడితే చాలాసార్లు క్లచ్ జారుతుంది. ఇది రుజువేం కాదు, గేర్‌బాక్సు దించేముందు ఇంకోసారి ఆలోచించమని చెప్పేది మాత్రమే.

తర్వాతది అందరూ వదిలేసే మెట్టు, కడగడం. ఇరవై ఏళ్ల జిడ్డు మీద కొత్త తడి ఏదో ఎవరికి కనిపిస్తుంది? ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డులో పెద్దాయన ఉన్నాడు. చల్లారిన ఇంజను మీద డిస్ట్రిబ్యూటర్‌కూ వైర్లకూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, బ్రష్షుతో జిడ్డు వదిలించి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. అనుమానమున్న అతుకులన్నిటి మీదా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాం. (అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు నూనెలో కలిపి లైటు వేసి చూసే పద్ధతి ఇంకా నయం. కానీ పౌడర్ ప్రతి ఇంట్లో ఉంటుంది.)

బండి నిలబెట్టి పావుగంట నడిపితే ఎక్కడా చుక్క లేదు. కాజీపేట దాకా పోయొచ్చి చూస్తే కింద గేర్‌బాక్సు మూత తడి, దాని పైన తడి, ఇంకా పైన డిస్ట్రిబ్యూటర్ మొదట్లో పౌడర్ నల్లగా ముద్దయిపోయి ఉంది. దానికి పైన అంతా తెల్లగా, పొడిగా ఉంది.

"నూనె కిందికి పోతది, గాలి కొడితె ఎన్కకు పోతది. మీదికి మాత్రం పోదు సార్. అన్నిటికన్న మీద తడి యాడుంటదో ఆడ చూడాలె" అన్నాడు పెద్దాయన. నేను చదివిన ఏ డీబగ్గింగ్ పుస్తకమూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌షాఫ్ట్ చివర, గేర్‌బాక్సుకు సరిగ్గా పైన ఉంటుంది. అక్కడి రబ్బరు రింగు ఏళ్ల తరబడి వేడికి ఎండి గట్టిపడిపోయింది. విప్పేముందు అది ఏ కోణంలో ఉందో పెయింటుతో గీత పెట్టుకున్నాడు. ఆ కోణం మారితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది మరి.

కథ ఇక్కడితో అయిపోలేదు. నిలబెట్టి నడిపితే రాని నూనె రోడ్డెక్కితేనే ఎందుకొస్తోంది? పిస్టన్ రింగులు దాటి వచ్చే వాయువులు కొంత ఇంజను కిందిభాగంలో చేరతాయి. అవి బయటికి పోయే దారే బ్రీదర్ పైపు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీలు ఏదైతే అక్కణ్ణుంచి నూనెను తోస్తుంది. ఇంజను కష్టపడేకొద్దీ ఆ ఒత్తిడి ఎక్కువ. పైపు ఊడదీసి చూస్తే బంకలాంటి మడ్డి! అది శుభ్రం చేయకుండా రింగు ఒక్కటే మార్చి ఉంటే, ఇంకో నెలకు ఇంకో చోట కారేది. మొత్తం ఖర్చు ఆరు వందల లోపే.

ఒక హెచ్చరిక. "చుక్కే కదా, ఎర్ర లైటు వెలిగినప్పుడు చూద్దాం" అనుకునేవాళ్లు చాలామంది. ఆ లైటు చెప్పేది నూనె మట్టం కాదు, పీడనం. అది వెలిగేసరికి బేరింగులకు నూనె అందడం తగ్గిపోయి ఉంటుంది. వెంటనే ఇంజను ఆపేయాలి. ముందు సీల్ కారి టైమింగ్ బెల్టు తడిసినా, వేడి సైలెన్సర్ గొట్టం మీద నూనె పడి పొగ వచ్చినా వాయిదా వేయకండి. కింద చాంబర్ ప్యాకింగ్ కాస్త చెమ్మగిల్లితే మాత్రం నెలకు రెండుసార్లు డిప్‌స్టిక్ చూసుకుంటూ బతికేయొచ్చు. మా బండికి ఆ చెమ్మ ఇప్పటికీ ఉంది.

లీకు ఆగింది గానీ తమ్ముడి సణుగుడు ఆగలేదు. నూనె పోయాక బ్రేకులన్నాడు, తర్వాత టైర్లన్నాడు. ఓ రాత్రి కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. వాడి భయం బండి గురించి కాదు. పోయిన చలికాలంలో పరకాల రోడ్డు మీద చీకట్లో ఎదురొచ్చిన లారీ లైట్లకు బాపు తడబడ్డాడట, అమ్మ వాడికి ఫోన్లో చెప్పింది. ఆ మాట బాపు ముందు అనలేక ఇన్నాళ్లూ కారు మీద పెట్టి మాట్లాడుతున్నాడు.

మర్నాడు ముగ్గురం కూర్చుని ఆ మాటే మాట్లాడుకున్నాం. చీకటి పడేలోపు ఇల్లు చేరాలి, ఏటా కళ్ల పరీక్ష, డాక్టరు వద్దన్న రోజున తాళంచెవి ఇచ్చేయాలి. బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "కండ్లు నాయి, సూపిచ్చుకుంట. బండి జోలికి మాత్రం రాకున్రి" అన్నాడు.

వచ్చే మంగళవారం కళ్లడాక్టరు దగ్గరికి. తమ్ముడే తీసుకెళ్తానన్నాడు, ఆ కారులోనే.